ఆకురాయి పట్టకుండా అన్ని వేల కార్లు ఎలా బిగించారు?

బెజవాడ టర్నర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. రెండు లేత్‌లు, ఒక షేపింగ్ మిషను, ఒక పిల్లర్ డ్రిల్లు ఉన్నాయి. నాన్నగారు ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు. ఐటీఐ పూర్తయ్యాక నేనూ అక్కడే నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను.

పోయిన నెల ట్రాలీలు తయారుచేసే ఒకాయన 200 పిన్నులు, అవి దూరే 200 బుష్‌లు (రంధ్రం ఉన్న చిన్న గొట్టాలు) చేయమన్నారు. అంత పెద్ద పని మాకు అదే మొదలు. మామూలుగా మా దగ్గరికి వచ్చేవి ఒకటీ రెండూ జాబులు. అరిగిపోయిన భాగాన్ని తెస్తారు, దాన్ని కొలిచి కొత్తది తీస్తాం, బిగువుగా ఉంటే కొంచెం ఎమెరీ (గరుకు కాగితం) పట్టి సరిచేస్తాం. ఈ 200 కూడా ఒక్కొక్కటి వెర్నియర్‌తో కొలిచే తీశాం. తీరా అక్కడ బిగించేటప్పుడు పాతిక ముప్పై పిన్నులు బుష్‌లలోకి దిగనే లేదు. మరికొన్ని దిగాయి కానీ గలగలలాడాయి. రెండు రోజులు వాళ్ల షెడ్డులో కూర్చుని, ఆకురాయితోనూ ఎమెరీతోనూ ఒక్కొక్క జతనూ కలిపి ఇచ్చి వచ్చాను. లాభం మాట దేవుడెరుగు, నాన్నగారి మొహం చూడలేకపోయాను.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. అమెరికాలో ఫోర్డ్ కార్ల కర్మాగారంలో కదిలే వరుస (అసెంబ్లీ లైన్) పెట్టడం వల్లే కార్లు చవకగా, వేగంగా తయారయ్యాయని మాకు ఐటీఐలో చెప్పారు. ఎక్కడ చదివినా అదే కథ. కానీ భాగం మనిషి దగ్గరికి కదిలి వచ్చినంత మాత్రాన అది బిగుస్తుందా? కంప్యూటర్ మిషన్లు లేని కాలంలో, ఏ కారు కోసం తీసిన భాగమైనా ఏ కారుకైనా సరిపోయేలా ఎలా తీశారు? అక్కడ ఆకురాయి పట్టుకుని కూర్చున్న ఫిట్టర్ ఎవరు? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత టూల్‌రూం జవాబు

నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు బాబూ. మా చిన్నవాడి కన్నా చిన్నవాడివి. సికింద్రాబాద్‌లో ఒక మెషిన్ టూల్ కర్మాగారంలో 34 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అందులో ఎక్కువ కాలం టూల్‌రూంలోనే. జిగ్గులు, ఫిక్చర్లు (భాగాన్ని సరైన చోట పట్టి ఉంచి, టూలుకు దారి చూపే అమరికలు), గేజీలు (కొలత సరిచూసే సాధనాలు) చేయడమే నా పని. నువ్వు అడిగిన ప్రశ్న ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా అడగగా నేను వినలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

మొదట ఆ కదిలే వరుస సంగతే చూద్దాం. 1913 ఏప్రిల్‌లో డెట్రాయిట్ పక్కనే ఉన్న హైలాండ్ పార్క్ కర్మాగారంలో మొదట కదిలింది కారు కాదు, ఫ్లైవీల్ మాగ్నెటో, అంటే ఇంజనులో నిప్పురవ్వకు కరెంటు పుట్టించే భాగం. అంతకు ముందు ఒక్కో మనిషి బల్ల దగ్గర నిలబడి మొత్తం మాగ్నెటోను తానే బిగించేవాడు. ఒక్కదానికి సుమారు 20 నిమిషాలు పట్టేది. ఆ పనిని 29 ముక్కలు చేసి 29 మందిని వరుసగా నిలబెడితే 13 నిమిషాల 10 సెకన్లకు దిగింది. నడుము వంచే అవసరం లేకుండా ఆ వరుసను 8 అంగుళాలు పైకి లేపితే 7 నిమిషాలకు వచ్చింది. తర్వాత 5 నిమిషాలకు తెచ్చారు. ఈ అంకెలు అందరూ చెప్పేవే. ఇప్పుడు నీ షెడ్డును గుర్తుచేసుకుని ఆలోచించు. ఆ 29 మందిలో పదకొండోవాడి చేతిలో ఉన్న స్క్రూ రంధ్రంలోకి దిగలేదనుకో. వాడు ఆకురాయి తీశాడంటే వెనక పదిమంది, ముందు పద్ధెనిమిదిమంది చేతులు కట్టుకుని నిలబడాలి. కాబట్టి ఆకురాయి అవసరం పోయిన తర్వాతే ఆ వరుస కదలగలిగింది. ఆ అవసరాన్ని పోగొట్టింది మెషిన్ షాపు.

అది పోవడానికి చాలా కాలం పట్టింది. మన అమ్మమ్మల ఇళ్లలో ఉండే సింగర్ కుట్టుమిషను తీసుకో. 1880 నాటికే ఆ కంపెనీ ఏడాదికి అయిదు లక్షల మిషన్లు తయారుచేసేది. అంత సంఖ్యలో చేస్తూ కూడా, భాగాలను చివర్లో ఫిట్టర్లు ఆకురాయితో రాసి ఒకదానికొకటి జతచేసేవారు. నువ్వు ఆ షెడ్డులో రెండు రోజులు చేసిన పనే. అందుకని నువ్వు సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

వాళ్లకు చేతకాక కాదు. అసలు చిక్కు ఉక్కులో ఉంది. మెత్తగా ఉన్న ఉక్కును లేత్ మీద కొలతకు తీయగలవు. అరగకుండా ఉండాలని దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచావంటే, గట్టిపడుతూనే కొంచెం వంకరపోతుంది. గట్టిపడ్డాక ఆనాటి టూలు దాని మీద తెగదు. వంకరను సరిచేసే దారి చేతిపని ఒక్కటే. ఈ ముడి విప్పింది సాన. నున్నగా మెరుగుపెట్టే సాన కాదు, కొలతకు తీసే గ్రైండింగ్ మిషను. అమెరికాలో చార్లెస్ నార్టన్ అనే ఆయన బలమైన, వెడల్పాటి చక్రంతో భారీ గ్రైండింగ్ మిషన్లు కట్టాడు. 1903లో ఒక్క క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) కోసమే ఒకటి చేశాడు. అంతవరకు క్రాంక్‌ను తిప్పి, ఆకురాయి పట్టి, పాలిష్ చేయడానికి అయిదు గంటలు పట్టేది. ఆయన మిషను మీద 15 నిమిషాల్లో అయిపోయేది. మోటారు కారు చరిత్రలో హెన్రీ ఫోర్డ్ పేరు ఎన్నిసార్లు వస్తుందో నార్టన్ పేరు అందులో పదోవంతు సార్లైనా రావాలని నా గట్టి నమ్మకం.

రెండో మనిషి హెన్రీ లీలాండ్. అమెరికా అంతర్యుద్ధ కాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలోను, తర్వాత కొలత సాధనాలు, యంత్రాలు చేసే బ్రౌన్ అండ్ షార్ప్ కర్మాగారంలోను పని నేర్చుకుని, చివరికి కాడిలాక్ కార్లు చేశాడు. 1908లో ఇంగ్లాండులోని బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన పరీక్ష గురించి నువ్వు తప్పక తెలుసుకోవాలి. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వాళ్లు మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పించి, భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. అందులో 89 భాగాలు తీసి పక్కన పెట్టి, వాటి బదులు అమ్మకందారు దగ్గరున్న విడిభాగాలు వేశారు. ఆ కుప్పలోంచి మళ్లీ మూడు కార్లు బిగించాలి. స్పానర్లు, స్క్రూడ్రైవర్ల వంటి మామూలు పనిముట్లు తప్ప ఆకురాయి గానీ ఎమెరీ గానీ ముట్టకూడదు. బిగించారు. మూడూ నడిచాయి, ఒక్కొక్కటి 500 మైళ్లు తిరిగింది. దానికే ఆ క్లబ్బు ఆ ఏడాది డ్యూయర్ ట్రోఫీ అనే బహుమతి ఇచ్చింది. ఫోర్డ్ వరుస కదలడానికి అయిదేళ్ల ముందు మాట ఇది! నీ 200 పిన్నులూ 200 బుష్‌లూ ఒక గోనెసంచిలో పోసి కలిపేసి, కళ్లు మూసుకుని ఏ రెండు తీసినా సరిపోవాలి. లీలాండ్ కార్లు నెగ్గిన పరీక్ష అదే.

ఇక ఫోర్డ్ దగ్గరికి వద్దాం. 1906లో వాల్టర్ ఫ్లాండర్స్ అనే యంత్రాల నిపుణుడు అక్కడ చేరాడు. అంతవరకు లేత్‌లన్నీ ఒక గదిలో, డ్రిల్లులన్నీ ఇంకో గదిలో ఉండేవి. ఆయన ఆ పద్ధతి మార్పించాడు. భాగానికి ఏ పని తర్వాత ఏ పని జరగాలో అదే వరుసలో మిషన్లు పెట్టించాడు. లేత్ పక్కనే డ్రిల్లు, దాని పక్కనే మిల్లింగు. హైలాండ్ పార్క్‌కు వచ్చేసరికి ఇది మరీ ముదిరి, కాల్చే కొలిమిని కూడా మిషన్ల వరుస మధ్యలోకి తెచ్చారు. ఒకచోట పని పూర్తయిన భాగం ఏటవాలు రేకు మీద జారి పక్కవాడి చేతికి చేరేది. మిషన్లు ఎంత దగ్గరగా ఉండేవంటే మనిషి పక్కకు తిరగడానికే చోటు చాలేది కాదు. పైన పొడుగునా షాఫ్టులు, వాటి నుంచి ఒక్కో మిషనుకూ దిగే తోలు బెల్టులు.

ఇంజను బ్లాకు ఎలా చేశారో చూడు. ఫోర్డ్ అమ్మిన మోడల్ టీ కారు బ్లాకులో నాలుగు సిలిండర్లూ ఒకే పోత. మిల్లింగ్ మిషను బల్ల మీద ఒకేసారి 15 బ్లాకులు బిగించేవారు, సిలిండర్ హెడ్లయితే 30. నాలుగు వైపుల నుంచి ఒకేసారి 45 రంధ్రాలు వేసే డ్రిల్లింగ్ మిషను ఇంకొకటి ఉండేది. ఆ మిషను నడిపేవాడు గీత గీయడు, సెంటర్ పంచ్ కొట్టడు, కొలవడు. బ్లాకును ఫిక్చర్‌లో పెట్టి మీట నొక్కుతాడు. రంధ్రం ఎక్కడ పడాలో ఆ ఫిక్చర్ చేసిన టూల్‌రూం మనిషి ముందే నిర్ణయించి పెట్టాడు. వీటిని ఆ రోజుల్లో రైతుల పనిముట్లు అనేవారట. పొలం నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడు కూడా పనితనం ఉన్న మెకానిక్‌తో సమానంగా పని తీయగలడని ఆ పేరు.

నువ్వు ఫిట్టర్ ఎక్కడ అని అడిగావు. వెతకవలసింది వరుస చివర కాదు. వాడు వరుస మొదటికి, టూల్‌రూంలోకి వెళ్లిపోయాడు. వెయ్యి భాగాలకు వెయ్యిసార్లు పట్టవలసిన ఆకురాయిని ఫిక్చర్ మీద ఒక్కసారి పట్టాడు.

గేజీల గురించి చెప్పకుండా ముగించలేను. స్వీడన్‌లో కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ అనే ఆయన 102 ఉక్కు దిమ్మెల పెట్టె ఒకటి తయారుచేశాడు. మనం స్లిప్ గేజీలు అంటాం. వాటిని రకరకాలుగా జతచేస్తే మిల్లీమీటరులో వందోవంతు తేడాతో ఇరవై వేల కొలతలు వస్తాయి. ఆయన 1923లో ఫోర్డ్ కంపెనీలోనే చేరాడు. మా ఫోర్‌మన్ నాకు మొదటిసారి ఆ పెట్టె చూపించిన రోజు ఇంకా గుర్తుంది. ముందు చేతులు కడుక్కుని రమ్మన్నాడు. రెండు దిమ్మెలను ఒకదాని మీద ఒకటి నొక్కి తిప్పితే జిగురు లేకుండానే అతుక్కున్నాయి. పై దిమ్మెను పట్టుకుని లేపితే కిందిది కూడా లేచింది. ఆ రోజు ఇంటికి వెళ్లి మా ఆవిడకు అరగంట ఇదే చెప్పాను.

మిషిగన్ తెలుగు జవాబు

పెద్దాయన రాసింది చదువుతుంటే నేను చూసిన రెండు భవనాలు కళ్లముందుకు వచ్చాయి. డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. మోడల్ టీ పుట్టిన పికెట్ అవెన్యూ కర్మాగారం ఇప్పుడు మ్యూజియంగా ఉంది. 1904లో కట్టిన మూడంతస్తుల ఇటుక భవనం. పొడవు 402 అడుగులు, వెడల్పు 56 అడుగులే. కరెంటు దీపాల మీద ఆధారపడకుండా రెండు వైపుల కిటికీల నుంచి మధ్య దాకా వెలుగు పడాలని అంత సన్నగా కట్టారు. నూనె పీల్చుకుని నల్లబడిన చెక్క నేల అలాగే ఉంది. ఇక్కడ కారు కదిలేది కాదు. ఒకచోట నిలబెడితే మనుషులే దాని చుట్టూ తిరిగి బిగించేవారు.

1910లో తెరిచిన హైలాండ్ పార్క్‌ను బయటి నుంచే చూడగలిగాను. ఆల్బర్ట్ కాన్ గీసిన కాంక్రీటు భవనం, పొడవు 865 అడుగులు. కాంక్రీటు స్తంభాలు బరువు మోస్తాయి కాబట్టి గోడల నిండా అద్దాలు పెట్టగలిగారు. బరువైన మిషన్లను పై అంతస్తుల్లో కూడా నిలబెట్టగలిగారు.

ఒక విషయం మాత్రం కలపాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. మీట నొక్కే పని మనుషులు భరించలేకపోయారు. 1913లో సుమారు 14,000 మందిని పనిలో నిలుపుకోవడానికి ఆ కంపెనీ ఏడాదిలో 52,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయేవాడు. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల కూలి, 8 గంటల పని వెనక దయ కన్నా ఈ అవసరమే ఎక్కువ. ఆ 5 డాలర్లు కూడా ఊరికే రాలేదు. ఇంట్లో ఎలా బతుకుతున్నారో చూడటానికి కంపెనీ మనుషులు కార్మికుల ఇళ్లకు వచ్చేవారు. మా కంపెనీలో వరుస పక్కన నడిచినప్పుడల్లా నాకు ఆ 52,000 అంకె గుర్తుకు వస్తుంది. ఫిక్చర్ గొప్పతనం చెప్పుకునేటప్పుడు దాని ముందు రోజంతా నిలబడినవాడి సంగతి కూడా చెప్పుకోవాలి.

బెజవాడ టర్నర్

ఇద్దరికీ ధన్యవాదాలు. టూల్‌రూం గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. బ్రూక్‌లాండ్స్ దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. తర్వాత కాసేపు ఊరుకుని, "మరి చేతిపని తెలిసినవాడికి విలువ ఏముంది?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంకో సందేహం. ఒకేసారి 45 రంధ్రాలు వేసే మిషను మాలాంటివాళ్లు కొనలేరు. కొన్నా, రేపు ఆ ట్రాలీల ఆయన కొలత మారిస్తే దాన్ని ఏం చేసుకోవాలి?

డ్రాయింగ్ మేడం

పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. బాబూ, ఆ ట్రాలీల వారు ఇచ్చిన కాగితం మీద ఏమని ఉంది? వట్టి 25 అని రాసి ఉంటే తప్పు మీ లేత్‌ది కాదు. 25 అనే కొలతను ఎవరూ తీయలేరు. ఎంత నుంచి ఎంత వరకు ఒప్పుకుంటారో రాస్తేనే అది కొలత. ముందు అది అడగండి.

పాత టూల్‌రూం

మేడం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పడానికి డ్రాయింగుల్లో వాడే గుర్తులు ఉన్నాయి. 25 మిల్లీమీటర్ల బుష్‌కు హెచ్7 అనే గుర్తు ఉంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు ఉండవచ్చు. అందులో తేలిగ్గా తిరిగే పిన్నుకు జీ6 అనే గుర్తు ఇస్తే 24.980 నుంచి 24.993 వరకు ఉండాలి. అంటే పిన్నుకు నీకు దొరికే వెసులుబాటు మొత్తం 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). నీ వెర్నియర్‌లో అతి చిన్న గీత 20 మైక్రాన్లు. నువ్వు కొలవలేనిదాన్ని కొలిచాననుకున్నావు, అంతే. ఆ రెండు రోజుల ఆకురాయి పని అక్కడ పుట్టింది.

రెండో సందేహానికి ఫోర్డ్ కంపెనీయే జవాబు. 1927 మేలో మోడల్ టీ ఆపేసరికి కోటిన్నర కార్లు చేశారు. ఒకే కారు కోసం కట్టిన వేలకొద్దీ మిషన్లు కొత్త మోడల్‌కు పనికిరాలేదు. కొన్నింటిని మార్చి కట్టారు, కొన్ని తుక్కుకు పోయాయి. డిసెంబరు దాకా కొత్త కారు బయటికి రాలేదు. అదే సమయంలో, ఒకప్పుడు ఫోర్డ్ దగ్గర పనిచేసి వెళ్లిన విలియం నుడ్‌సెన్ పోటీ కంపెనీ షెవ్రొలే కర్మాగారాల్లో రకరకాల పనులకు పనికొచ్చే మామూలు మిషన్లు పెట్టించాడు. 1929 మోడల్‌కు నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి ఆరు సిలిండర్లకు కొద్ది వారాల్లోనే మారిపోయారు. నీ లేత్ నుడ్‌సెన్ పక్షం. మిషను మామూలుదే ఉండనివ్వు, ఫిక్చర్ మాత్రం ఆ పనికే చెయ్యి. కొలత మారితే పోయేది ఫిక్చరే.

చేయవలసింది చెబుతాను. బుష్ రంధ్రాన్ని బోరింగ్ టూలుతో కొలతకు తీయాలని చూడకు. కొంచెం తక్కువకు తీసి, హెచ్7 రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే టూలు) ముగించు. రీమర్ నీ తరఫున కొలత పట్టుకుంటుంది. రంధ్రం చూడటానికి పోయే కొన, పోని కొన ఉన్న ప్లగ్ గేజీ చాలు. పిన్నుకు స్నాప్ గేజీ, అంటే పిన్ను దవడల మధ్య దూరుతుందో లేదో చూపేది. పిన్ను చివరి పని లేత్ మీద వద్దు, సెంటర్‌లెస్ గ్రైండింగ్ (పిన్నును రెండు చక్రాల మధ్య తిప్పుతూ సానపట్టడం) చేసేవాళ్లు మీ ఆటోనగర్‌లోనే దొరుకుతారు, వారికి ఇవ్వు. లేత్ మీంచి తీసిన జాబును వేడిగా ఉండగా కొలవకు. చేత్తో పట్టుకోగలిగినంత చల్లగా ఉంటే చాలదు, పూర్తిగా చల్లారాలి.

మీ నాన్నగారి ప్రశ్నకు కూడా జవాబు ఉంది. ఆ స్నాప్ గేజీని ఆయన చేత చేయించు. దవడలు గట్టిపరిచాక నూనె రాయితో రుద్ది మైక్రాన్లలో కొలతకు తేవాలి. ముప్పై ఏళ్ల చెయ్యి ఉన్నవాడికి తప్ప అది కుదరదు.

బెజవాడ టర్నర్

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. కాగితం మీద నిజంగానే వట్టి 25 అని ఉంది, మేడం గారూ. వారితో మాట్లాడి హెచ్7, జీ6 రాయించుకున్నాం. వారు ఇంకో 60 జతలు ఇచ్చారు.

గేజీ నాన్నగారే చేశారు. మూడు సాయంత్రాలు పట్టింది, షాపు మూసేశాక కూర్చుని రాయి మీద రుద్దారు. తెలిసిన ఇన్‌స్ట్రుమెంట్ల షాపుకు తీసుకెళ్లి స్లిప్ గేజీలతో సరిచూపించాం. వారు కూడా ముందు చేతులు తుడుచుకోమన్నారు.

60లో 4 పిన్నులు గేజీ దగ్గరే ఆగిపోయాయి, అవి బయటికి పంపలేదు, మళ్లీ తీశాం. నిన్న వాళ్ల షెడ్డుకు నేనే వెళ్లాను. సంచీలో ఆకురాయి ఉంది కానీ బయటికి తీయలేదు. 60 జతలూ గంటన్నరలో దిగాయి.

ఇప్పుడు నాన్నగారు అడగమన్న ప్రశ్న. గేజీ దవడ కూడా అరుగుతుంది కదా, ఎన్ని జాబులకు ఒకసారి దాన్ని సరిచూపించాలి?

పాత టూల్‌రూం

ఆ ప్రశ్న ఆయన అడుగుతారని అనుకున్నాను. మొదట్లో ప్రతి 500 పిన్నులకు ఒకసారి సరిచూపించి, తేడా ఒక పుస్తకంలో రాయండి. నాలుగైదు సార్లు రాశాక అరుగుదల ఎంత వేగంగా ఉందో మీకే తెలుస్తుంది, దాన్నిబట్టి పెంచడమో తగ్గించడమో చేయండి. గేజీకి నూనె పూసి చెక్కపెట్టెలో పెట్టండి, పనిముట్ల డబ్బాలో పడేయవద్దు. దాని మీద చేసిన తేదీ, ఆయన పేరు చెక్కించు.